మెమెంటోతో పాటు మార్కుల కాగితమూ ఇవ్వండి: సైన్స్ ఫెయిర్ విజేతల గురించి పాఠశాల విద్యాశాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, జిల్లా విద్యాశాఖాధికారులకు, జిల్లా సైన్స్ అధికారులకు, జడ్జిలుగా వచ్చే కాలేజీ అధ్యాపకులకు,

నమస్కారం.

ఎన్ని పనుల ఒత్తిడి ఉన్నా ఏటా సైన్స్ ఫెయిర్లు జరుపుతున్నారు, అందుకు కృతజ్ఞతలు. మేం పిల్లల మోడళ్లకు దారి చూపే గైడ్ టీచర్లం, పదవీ విరమణ చేసిన జడ్జిలం. ఈ లేఖలోని విషయాలే రాసి జిల్లా ఫెయిర్ ముగిశాక వినతిపత్రం ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు, జవాబు రాలేదు. గుర్తు చేస్తూ మరొకటి ఇచ్చాం, దానికీ రాలేదు. ఈలోగా మళ్లీ ఫెయిర్ల కాలం దగ్గర పడుతోంది కనుక అందరికీ తెలిసేలా రాస్తున్నాం.

మా బాధ ఒక్క మాటలో చెప్పొచ్చు. ఆ రోజు టేబుల్ మీద మోడల్ ఎలా కనిపించిందో చూసి బహుమతి ఇస్తున్నాం. బిడ్డ ఇంటి దగ్గర ఎన్నిసార్లు కొలిచింది, ఎక్కడ తప్పింది, ఎలా సరిచేసుకుంది అన్నది ఎవరూ అడగడం లేదు. గెలిచిన బిడ్డ కూడా స్టేజీ దిగాక ఏమైందో ఎవరికీ పట్టడం లేదు.

తల్లిదండ్రుల కోసం ఫెయిర్ల దారి గురించి కాస్త చెప్పాలి. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ కలిసి పిల్లల ఆలోచనలకు మోడల్ ఖర్చు ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ పథకాన్ని నడుపుతాయి. పథకం రూపకల్పన ప్రకారం ఒక్కో బడి ఐదు ఆలోచనల దాకా పంపొచ్చు. దేశం మొత్తం మీద లక్ష ఆలోచనలు ఎంపిక చేసి, ఒక్కో విద్యార్థి ఖాతాలో మోడల్ ఖర్చుకు 10,000 రూపాయలు వేస్తారు. జిల్లా ప్రదర్శనలు దాటి రాష్ట్ర స్థాయికి పది వేలు, జాతీయ స్థాయికి వెయ్యి, చివరికి 60 మిగులుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ వారి రాష్ట్రీయ బాల వైజ్ఞానిక ప్రదర్శని వేరే దారి. దక్షిణాది రాష్ట్రాల, పుదుచ్చేరి పిల్లలు కలిసే దక్షిణ భారత సైన్స్ ఫెయిర్ మరొకటి, దాన్ని బెంగళూరు విశ్వేశ్వరయ్య మ్యూజియం ఆయా రాష్ట్రాలతో కలిసి జరుపుతుంది. ఏ దారిన పోయినా మొదటి వడపోత జిల్లాలోనే. అక్కడ పొరపాటు జరిగితే పైన ఎవరూ దిద్దలేరు, ఎందుకంటే ఆగిపోయిన బిడ్డ మోడల్ పైవాళ్ల కంట పడదు.

1. జడ్జింగ్‌కు సమయం చాలడం లేదు, ఉన్న సమయం అట్టల మీద పోతోంది.

ఒక హాల్లో 150 ఎగ్జిబిట్లు, ముగ్గురు జడ్జిలు, నాలుగు గంటలు అనుకోండి. జడ్జికి 50 వస్తాయి. ఒక్కోదానికి ఐదు నిమిషాలు కూడా రావు, నడిచే సమయం కూడా అందులోనే. ఆ కాస్త సమయంలో పెద్ద ఫ్లెక్సు, రంగులేసిన థర్మోకోల్ ఊరు, గడగడా అప్పజెప్పే ఇంగ్లీషు కంటపడతాయి. పక్క టేబుల్ మీద 40 పేజీల నోటుబుక్ మూసే ఉంటుంది.

నిబంధన ఇలా లేదు. ఎన్‌సీఈఆర్‌టీ మార్గదర్శకాల్లో పిల్లల సొంత సృజనకు, ఊహకు 20 శాతం, కొత్తదనానికి 15, శాస్త్రీయ ఆలోచనకు 15, పనితనానికి 15, సమాజానికి ఉపయోగానికి 15, తక్కువ ఖర్చు, మన్నిక, మోసుకెళ్లే వీలుకు 10, ప్రదర్శించే తీరుకు 10. మన హాళ్లలో ఈ చివరి పదే మిగతా తొంభైని మింగేస్తోంది.

దీన్ని ఒక్క మోడల్‌తో చూపిస్తాం. ప్రతి జిల్లాలో ప్రతి ఏడూ కనిపించేదే: మట్టి ఆరిపోతే తనంతట తాను మోటారు ఆన్ అయ్యే పరికరం. రెండు కాళ్ల తడి సెన్సర్, ప్రోగ్రామ్ ఎక్కించి నడిపే ఆర్డునో ఊనో బోర్డు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు), చిన్న పంపు, గాజు గ్లాసులో మట్టి. సెన్సర్ తడి మట్టిలో పెడితే పంపు ఆగుతుంది, బయటికి తీస్తే తిరుగుతుంది. చప్పట్లు కొడతారు. ఈ పనికి పది నిమిషాలు చాలు, ప్రోగ్రామ్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది.

నిజమైన పని ఆ తర్వాత మొదలవుతుంది. ఆ సెన్సర్‌కు 5 వోల్టులు ఎప్పుడూ ఇస్తూ పోతే తడి మట్టిలో విద్యుద్విశ్లేషణ జరిగి, పాజిటివ్ కాలి మీది రాగి కొన్ని వారాల్లో తినుకుపోతుంది. రాగి పోయిన కొద్దీ నిరోధం పెరుగుతుంది, రీడింగ్ ఎండు మట్టి వైపు జరుగుతుంది. మడి నిండా నీళ్లున్నా పరికరం ఎండిందనుకుని మోటారు నడుపుతుంది. నీళ్లు పొదుపు చేయడానికి పెట్టిందే నీళ్లు పారబోస్తుంది. దీనికి మందు తేలికే. సెన్సర్‌కు కరెంటు ఎప్పుడూ ఇవ్వకుండా, అరగంటకోసారి రీడింగ్ తీసేటప్పుడు మాత్రం ఇచ్చి వెంటనే ఆపేయాలి. లేదంటే లోహం మట్టికి తగలని కెపాసిటివ్ సెన్సర్ వాడాలి.

ఆపైన మట్టి సంగతి. నల్లరేగడిలో తడి 20 శాతం ఉంటే పైరు వాడే దశకు దగ్గర పడినట్టు. ఎర్ర చెలకలో అదే 20 శాతం అంటే కావలసినంత తడి. ఒకే అంకె పెట్టి రెండు పొలాలకూ వాడితే ఒక రైతు పైరు ఎండుతుంది, ఇంకో రైతు కరెంటు పోతుంది. పైగా పొటాష్ వేసిన మడిలో లవణాల వల్ల మట్టి గుండా విద్యుత్తు తేలిగ్గా పారి, ఉన్నదానికంటే ఎక్కువ తడి ఉన్నట్టు చూపిస్తుంది.

కనుక అడగాల్సింది కొలత గురించి. కిలో మట్టిని రెండు మూడు రోజులు పరిచి ఎండబెట్టి, జల్లించి, 50 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు కలుపుతూ, కలిపిన ప్రతిసారీ గ్లాసులో ఒకే ఎత్తుకు నొక్కి, పది నిమిషాలు ఆగి, మూడు రీడింగులు తీసి సగటు రాయాలి. 400 మిల్లీలీటర్ల దాకా పోవాలి. నల్లమట్టికి ఒకసారి, ఎర్రమట్టికి ఒకసారి. ఎనిమిది చుక్కలున్న రెండు గీతలు గ్రాఫ్ పేపరు మీద వస్తాయి. అదే ఆ మోడల్ ప్రాణం. ఆ గ్రాఫు ఉన్న బిడ్డకు మూడో బహుమతి కూడా రాక, గ్లాసులోంచి సెన్సర్ తీసి పెట్టిన బిడ్డకు మొదటిది వచ్చిన హాళ్లున్నాయి. మొదటి బహుమతి వచ్చిన బిడ్డ తప్పేం లేదు, ఆ బిడ్డను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఇంకో జాగ్రత్త కూడా ఇక్కడే చెప్పాలి. ఆ చిన్న రిలే బొమ్మ పంపును నడుపుతుంది గానీ, పొలంలో 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారును నేరుగా నడపలేదు. మూడు ఫేజుల కోసం స్టార్టర్‌లోని కాంటాక్టర్ (పెద్ద స్విచ్చు) కాయిల్‌ను ఆ రిలేతో పనిచేయించాలి, ఓవర్‌లోడ్ రక్షణను అలాగే ఉంచాలి. ‘మీ మోటారుకు తగిలించుకోవచ్చు’ అని బిడ్డ చెబుతుంటే జడ్జి తలూపి వెళ్లిపోతే, విన్న రైతు తడి చేతులతో స్టార్టర్ డబ్బా తెరుస్తాడు.

2. కొలవకుండా చేసిన నీటి ప్రయోగాలకు బహుమతులు ఇస్తున్నాం.

మన దగ్గర ఫ్లోరైడ్ అంటే ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

పిల్లలు మునగ గింజల పొడి, కొబ్బరి చిప్పల బొగ్గు, ఇసుక, గులకరాళ్లు పొరలుగా పేర్చి ‘ఫ్లోరైడ్ ఫిల్టర్’ అని తెస్తారు. రుజువుగా టీడీఎస్ మీటర్ ముంచి చూపిస్తారు. ఆ మీటర్ కొలిచేది నీటిలోంచి విద్యుత్తు ఎంత పారుతుందో మాత్రమే. దాన్నిబట్టి మొత్తం లవణాలు ఎంతో ఒక అంచనా చూపిస్తుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. టీడీఎస్ తగ్గినా ఫ్లోరైడ్ అలాగే ఉండొచ్చు. ఇసుక, బొగ్గు, మునగ గింజలు మురికిని, మడ్డిని బాగా తీస్తాయి, నీళ్లు తేటగా కనిపిస్తాయి. తేట నీళ్లు చూసి ఇంట్లో వాళ్లు నమ్ముతారు. మరునాడు పేపర్లో ‘ఫ్లోరైడ్‌కు చెక్ పెట్టిన విద్యార్థిని’ అని ఫొటోతో వస్తుంది. ఆ ఊళ్లో ఒక తల్లి ఆర్వో ప్లాంటు నీళ్లు కొనడం మానేసి బోరు నీళ్లు ఆ డబ్బాలో పోసి పసిపిల్లలకు తాగిస్తే, పళ్ల మీద గారలు, ఆ తర్వాత ఎముకలు ఎవరి బాధ్యత?

దీనికి కావలసిన ఖర్చు చాలా తక్కువ. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి నీటి పరీక్ష ల్యాబులున్నాయి. ఫిల్టర్‌లో పోయకముందు ఒక సీసా, పోశాక ఒక సీసా, చెరి అర లీటరు, ప్లాస్టిక్ సీసాల్లోనే ఇవ్వాలి (ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది కనుక గాజు సీసా వద్దు). ఇలా మూడు వేర్వేరు రోజులు. పటిక వాడిన మోడల్ అయితే మిగిలిన అల్యూమినియం కూడా చూడాలి. ల్యాబు కాగితం లేకుండా నీళ్లు, మందులు, ఆహారం గురించి ఏ మోడల్‌నూ జిల్లా దాటించకూడదు. ఆ కాగితం తెచ్చుకునే ఏర్పాటు శాఖే చేయాలి, బిడ్డ మీద వేయకూడదు.

3. చూపు లేనివారి కర్ర.

అల్ట్రాసోనిక్ సెన్సర్ పెట్టిన కర్ర కూడా ఏటా వస్తుంది. పిల్లల మంచి మనసుకు మాకు గౌరవం ఉంది. కానీ ఆ సెన్సర్ 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా, సుమారు 15 డిగ్రీల వెడల్పులో, ఎదురుగా ఉన్నదాన్నే చూస్తుంది. ముందుకు గురిపెట్టిన సెన్సర్‌కు మూత లేని మ్యాన్‌హోల్ కనపడదు, దిగే మెట్టు కనపడదు. ఏటవాలుగా ఉన్న గోడ శబ్దాన్ని పక్కకు తోసేస్తుంది, గడ్డిమోపు, దుప్పటి లాంటివి మింగేస్తాయి. చూపు లేని మనిషి ఒక్కరు పట్టుకుని వరండాలో నడిచినా ఇవన్నీ పావుగంటలో బయటపడతాయి. అలా నడిపించి చూసిన మోడళ్లు మాకు కనిపించింది చాలా తక్కువ. వాడాల్సిన మనిషి వాడి చూడని పరికరానికి ‘సమాజానికి ఉపయోగం’ కింద నిండు మార్కులు వేయడం సరికాదు.

4. కొనుక్కొచ్చిన మోడళ్లు.

పట్టణాల్లో ప్రాజెక్టులు చేసిచ్చే దుకాణాలున్నాయి. ఈ సంగతి మీకూ తెలుసు. కొన్నది పట్టుకోవడానికి పెద్ద విచారణ అక్కర్లేదు. ఒక వైరు పీకి ‘మళ్లీ పెట్టమ్మా’ అనాలి. మొదట ఏది పనిచేయలేదో అడగాలి. ఫలానా రెసిస్టర్ బదులు వేరేది పెడితే ఏమవుతుందో అడగాలి. చేసిన బిడ్డకు కళ్లు మెరుస్తాయి, ఆపినా ఆగకుండా చెబుతుంది. కొన్న బిడ్డ గైడ్ టీచర్ వైపు చూస్తుంది. ఆ బిడ్డను అందరి ముందూ అవమానించవద్దని కూడా మనవి. డబ్బు పెట్టింది పెద్దవాళ్లు. మార్కుల్లో చూపించండి, చాలు.

నష్టం జరిగేది జడ్పీ హైస్కూళ్లు, కేజీబీవీలు, గురుకులాల్లో పాత సైకిలు ట్యూబు, సిరంజీలు, అట్టముక్కలతో చేసుకొచ్చిన పిల్లలకు. ఒకసారి కొన్న మోడల్ చేతిలో ఓడిన బిడ్డ మరుసటి ఏడు పేరు ఇవ్వదు.

5. హాలు, కరెంటు, బస్సు.

మోడల్ సగం దారిలోనే చస్తుంది. పిల్లలు ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని వస్తారు. జంపర్ వైర్లు కుదుపులకు ఊడిపోతాయి. చేరిన గంటకే జడ్జింగ్ మొదలైతే, ఏ వైరు ఊడిందో వెతికే సమయం ఉండదు. సెటప్‌కు రెండు గంటలు తప్పనిసరిగా ఇవ్వాలి. హాల్లో ఒక మూల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, గ్లూ గన్, ఇన్సులేషన్ టేపు, కొన్ని జంపర్ వైర్లు, ఒక ల్యాబ్ అసిస్టెంటు ఉండాలి. అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసుకునే ల్యాబు) ఉన్న ఏ బడి నుంచైనా ఇవి ఆ ఒక్క రోజుకు తేవచ్చు. ఆ ల్యాబులకు బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఉన్న పథకం అది, ఒక సోల్డరింగ్ ఐరన్ బయటికి తేవడానికి అనుమతి దొరక్కపోవడం బాధాకరం.

కరెంటు ఒకే లైను మీద అన్ని స్టాళ్లకూ ఇస్తున్నారు. ఎవరో హీటర్ పెట్టగానే ట్రిప్ అవుతుంది, వరసంతా ఆగుతుంది, సరిగ్గా అప్పుడే జడ్జి వస్తారు. హీటర్లు, పంపులు ఉన్న మోడళ్లకు వేరే లైను ఇవ్వండి. గైడ్ టీచర్లకు మా మాట: చౌక 9 వోల్టుల చదరపు బ్యాటరీతో సర్వో మోటారు నడపవద్దు. మోటారు లాగగానే వోల్టేజీ పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది, మోడల్ వణుకుతుంది. మోటారుకు నాలుగు రీఛార్జబుల్ ఏఏ సెల్స్ విడిగా ఇచ్చి, నెగటివ్ వైరు మాత్రం బోర్డుతో కలపండి.

రాష్ట్ర, దక్షిణ భారత స్థాయికి ఆడపిల్లలు వెళ్లేటప్పుడు వెంట మహిళా ఉపాధ్యాయురాలు, ఆమెకు ఆన్ డ్యూటీ ఉత్తర్వు, రాత్రి బసకు తాళం పడే గది ఉండాలి. ఉత్తర్వు ప్రయాణం రోజు దాకా రాకపోతే తల్లిదండ్రులు పంపరు. అలా ఆగిన బిడ్డ ఓడిపోయి ఆగినట్టు కాదు.

6. ఇన్‌స్పైర్ మానక్ పదివేలు చేతికి అందడం లేదు.

డబ్బు పైనుంచి నేరుగా ఖాతాకే వస్తుంది, మంచిదే. తేడా వచ్చేది ఇక్కడ. బడి రికార్డులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం. స్కాలర్‌షిప్ కోసం తెరిచిన ఖాతాలో రెండేళ్లుగా లావాదేవీ లేక స్తంభించి ఉంటుంది. ఆధార్ లింక్ అయింది వేరే ఖాతాకు. పదిహేనేళ్లు నిండిన పిల్లలు వేలిముద్రలు, కంటిపాప వివరాలు మళ్లీ ఇవ్వాలన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. డబ్బు వెనక్కి పోతుంది. కూలికి వెళ్లే తండ్రి రెండు రోజుల పని మానుకుని బ్యాంకు చుట్టూ తిరుగుతాడు. ఆఖరికి టీచర్ జేబులోంచో, అప్పు తెచ్చో మోడల్ చేస్తారు, లేదా థర్మోకోల్‌తో సరిపెడతారు. ఆ థర్మోకోల్ చూసి ‘పనితనం లేదు’ అని మార్కు తగ్గిస్తాం.

నామినేషన్ వేసే రోజే హెచ్‌ఎం మూడు చూడాలి: ఆధార్‌లో, బడి రికార్డులో, పాస్‌బుక్‌లో పేరు ఒకే తీరుగా ఉందా, ఖాతా నడుస్తోందా, ఆధార్ ఆ ఖాతాకే లింక్ అయిందా. ఖాతాలో వంద రూపాయలు వేసి, తీసి చూస్తే రెండో సంగతి తేలిపోతుంది. ఎంపిక జాబితా వచ్చాక చూసి లాభం లేదు.

7. గెలిచిన తర్వాత.

శాలువా, మెమెంటో, సర్టిఫికెట్, గ్రూపు ఫొటో. ఆ తర్వాత మోడల్ హెచ్‌ఎం గది బీరువా మీదికి చేరుతుంది. పదో తరగతి బిడ్డ అయితే ఇంటర్‌కు వేరే ఊరు వెళ్తుంది, మోడల్‌కు తల్లి లేకుండా పోతుంది. ఆ వయసులో తిట్టినా పొగిడినా గుర్తుంటుంది గానీ, ‘ఇక్కడ ఇలా మార్చు, ఆరు నెలల తర్వాత మళ్లీ చూపించు’ అన్న మాటే పనికొస్తుంది. ఆ మాట ఎవరూ చెప్పడం లేదు.

చెబితే ఏమవుతుందో మన దగ్గరే రుజువుంది. జోగులాంబ గద్వాల జిల్లా చింతలకుంట జడ్పీ హైస్కూల్ విద్యార్థిని ఒకరు నర్సరీల్లో వాడే నల్ల ప్లాస్టిక్ కవర్ల బదులు వేరుశనగ పొట్టుతో కుండీలు చేసింది. మొక్కతో పాటే భూమిలో పాతేయొచ్చు. చేత్తో నొక్కితే ఎన్ని కుండీలవుతాయి? హైదరాబాద్‌లోని ప్రభుత్వ నమూనా తయారీ కేంద్రం టీ-వర్క్స్ వాళ్లు ముందుకొచ్చి ఆ కుండీలు నొక్కి తీసే యంత్రం తయారుచేశారు. బిడ్డ ఆలోచనకు ఇంజినీర్ల చేయి తోడైతేనే ఇది సాధ్యమైంది. ఆలేరు చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రానికి (చీర నేతకు ముందు దారం చుట్టే యంత్రం) 1992 నుంచి 1999 దాకా ఏడేళ్లు పట్టింది. పద్మశ్రీ 2017లో వచ్చింది. ఒక పరికరం తయారవడానికి పట్టే కాలం అది. మనం బిడ్డకు ఇస్తున్నది ఐదు నిమిషాలు.

పేటెంటు సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల జరిగే నష్టం వేరే. నిజంగా కొత్త ఆలోచన అయితే, పేటెంట్ దరఖాస్తు వేయకముందే హాల్లో అందరికీ విప్పి చూపిస్తే, యూట్యూబ్‌లో పెడితే, కొత్తదనం పోయిందని రేపు దరఖాస్తు కొట్టేయొచ్చు. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 31 ప్రదర్శనలకు ఏడాది గడువు ఇస్తుంది గానీ, కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకే. మన జిల్లా ఫెయిర్‌కు అది వర్తిస్తుందని ధీమా పెట్టుకోకూడదు. సొంత పేరున ఆన్‌లైన్‌లో తాత్కాలిక దరఖాస్తుకు రుసుము 1,600 రూపాయలు, పూర్తి వివరాలు 12 నెలల్లోగా ఇవ్వాలి. అన్ని మోడళ్లకూ ఇది అక్కర్లేదు, జిల్లాకు ఒకటో రెండో ఉంటాయి. వాటిని ఫెయిర్‌కు ముందే గుర్తించి, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌తో మాట్లాడే మనిషి జిల్లాలో ఒకరుండాలి.

మేం అడుగుతున్నవి ఇవి:

అ) ప్రతి విద్యార్థికీ, గెలిచినా ఓడినా, అంశాలవారీ మార్కుల కాగితం ఫెయిర్ ముగిసిన వారంలో ఇవ్వాలి. దాని అడుగున జడ్జి సొంత చేతిరాతతో రెండు వాక్యాలు రాయాలి: ఏది బాగుంది, తర్వాత ఏం కొలవాలి.

ఆ) నోటుబుక్ లేని మోడల్‌కు మొదటి మూడు స్థానాలు ఇవ్వకూడదు. తేదీలు, రీడింగులు, తప్పిన ప్రయత్నాలు ఉన్న నోటుబుక్ కావాలి, అందంగా తిరగరాసింది వద్దు. బాలల సైన్స్ కాంగ్రెస్‌లో లాగ్‌బుక్ అలవాటు ఎప్పటి నుంచో ఉంది, అదే ఇక్కడికీ తేవాలి.

ఇ) జడ్జికి 20 ఎగ్జిబిట్లకు మించి ఇవ్వకూడదు, ఒక్కోదానికి కనీసం పది నిమిషాలు ఉండాలి. జడ్జిల్లో ఒకరు ఆ రంగం పని చేతితో చేసేవారై ఉండాలి: విద్యుత్ శాఖ లైన్‌మన్, వ్యవసాయ విస్తరణాధికారి, నీటి పరీక్ష ల్యాబు టెక్నీషియన్, పాలిటెక్నిక్ వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్. ఫ్లెక్సులు నిషేధించాలి, చేతిరాత చార్టు చాలు.

ఈ) ఫలితాలపై అభ్యంతరం చెప్పుకోవడానికి రెండు రోజుల గడువు, దానికి రాతపూర్వక జవాబు.

ఉ) జిల్లాలో మొదటి పది మోడళ్లకు ఏడాది పాటు ఒక ఇంజినీరింగ్ లేదా పాలిటెక్నిక్ కాలేజీని జతచేయాలి. ప్రతి మూడు నెలలకు బిడ్డ ఒకరోజు అక్కడి వర్క్‌షాప్‌కు వెళ్లాలి, బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం శాఖ భరించాలి. బిడ్డ బడి మారితే ఈ ఏర్పాటు బిడ్డతోనే వెళ్లాలి.

ఊ) ఫిబ్రవరి 28న, రామన్ ఫలితాన్ని గుర్తు చేసుకునే జాతీయ సైన్స్ దినోత్సవం నాడు, జిల్లా కేంద్రంలో ఉపన్యాసాల సమయం తగ్గించి, కిందటేడు గెలిచిన పిల్లలతో ఒక్కొక్కరికి పది నిమిషాలు మాట్లాడించాలి. మోడల్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఏం మారింది, ఏం విరిగింది. విరిగిందని చెప్పినా చప్పట్లు కొట్టాలి.

వీటిలో అ), ఆ), ఈ) అంశాలు అమలు చేయడానికి ఒక సర్క్యులర్ చాలు, బడ్జెట్ అక్కర్లేదు. ఈ ఏటి జిల్లా ఫెయిర్ల తేదీలు ప్రకటించే ముందే ఆ సర్క్యులర్ రావాలని కోరుతున్నాం. మార్కుల కాగితం నమూనా ఒకటి, నోటుబుక్ ఎలా రాయాలో చెప్పే రెండు పేజీలు, హాలు మూలలో ఉండాల్సిన సామాను జాబితా మేం తయారుచేసి ఉంచాం. మీరు పిలిచిన రోజు పట్టుకుని వస్తాం, సెలవు రోజైనా సరే. జడ్జిల శిక్షణకు ఒక పూట ఇస్తే జీతభత్యాలు ఏమీ అడగకుండా వచ్చి, తడి సెన్సర్, నీటి ఫిల్టర్, కర్ర ముందు పెట్టి ఏ ప్రశ్నలు అడగాలో చేసి చూపిస్తాం.

ఇట్లు,
జడ్పీ హైస్కూళ్లు, కేజీబీవీలు, గురుకులాల్లో పనిచేస్తున్న ఫిజిక్స్, బయాలజీ గైడ్ టీచర్లం, పదవీ విరమణ చేసిన సైన్స్ ఫెయిర్ జడ్జిలం